అయ్యగారి గొంతు తగ్గిన ఏడాది

నాకు ముక్కు మీదే కోపం ఉంటుందని మా ఆవిడ అంటుంది. అబిడ్స్‌లో మైకుసెట్ల దుకాణం పెట్టుకుని ఏళ్ల తరబడి కూర్చున్నవాడికి ఇంకెక్కడ ఉంటుంది? పొద్దున్నే షట్టరు తీయగానే ఎవరో ఒకరు కాలిపోయిన ఆంప్లిఫయరు మోసుకొచ్చి "ఏం జేయలేదన్నా, ఊకనే బందైంది" అంటారు. మూత విప్పి చూస్తే లోపల పసుపు అక్షింతలు ఉంటాయి, కొన్నిసార్లు సగం తిన్న మిరపకాయ బజ్జీ కూడా. మా ఊళ్లో ఎవరూ ఏమీ చేయరు. అన్నీ వాటంతట అవే అయిపోతుంటాయి.

మా దుకాణం పెద్దరోడ్డు మీద నుంచి గన్‌ఫౌండ్రీ వైపు తిరిగే ఒక సందులో, మేడ మెట్ల కింద ఉండేది. యాభైఆరులో రాష్ట్రం ఏర్పడ్డప్పుడు కర్నూలు నుంచి ఆఫీసు బీరువాలతోపాటు హైదరాబాదుకు వచ్చిపడిన కృష్ణా జిల్లా గుమాస్తా కొడుకుని నేను. ఇక్కడే పుట్టి ఇక్కడే పెరిగాను. ఇంట్లో కృష్ణా జిల్లా మాట, దుకాణంలో నాంపల్లి మాట. కోపం వచ్చినప్పుడు మాత్రం నాంపల్లి మాటే బాగా పనికొచ్చేది.

తొంభైల చివర్లో వైరు లేని మైకులు వచ్చాయి. అంతకుముందు పెళ్లిళ్లలో వైరు కాలికి తగిలి పురోహితులు తూలిపడేవారు, నాయకులు ఉపన్యాసం మధ్యలో వైరు లాగి మైకు ఊడబెరికేవారు. వైరు పోవడంతో ఆ బాధ పోయింది, కొత్త బాధ పట్టుకుంది. రెండు మైకులు కొన్న ప్రతివాడూ కొన్నాళ్లకు తిరిగి వచ్చేవాడు. ఒక మైకు గట్టిగా వస్తోంది, రెండోది చిన్నగా వస్తోంది అనేవాడు.

దీనికి కారణాలు మామూలువే. ఒకదాంట్లో బ్యాటరీ కొత్తది, ఇంకోదాంట్లో పాతది. ఒకాయన మైకును పెదాలకు ఆనించి మాట్లాడతాడు, ఇంకొకాయన బొజ్జ దగ్గర పట్టుకుని మాట్లాడతాడు. లేదంటే రిసీవరు దగ్గరే తేడా ఉంటుంది. రిసీవరంటే మైకు గాలిలోకి వదిలిన మాటను పట్టుకుని ఆంప్లిఫయరుకు అందించే చిన్న పెట్టె. నేను అమ్మిన రకానికి వెనకవైపు ఏరియల్ పక్కన చిటికెన వేలంత నల్లటి నాబ్ ఉండేది. పట్టుకున్న మాటను ఎంత గట్టిగా బయటికి పంపాలో అది చెబుతుంది. రెండు పెట్టెల నాబ్‌లూ ఒకేచోట ఉంటే రెండు గొంతులూ సమానం. ఈ సంగతి నేను కొన్నవాళ్లందరికీ చెప్పేవాణ్ణి. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే ఉండేది.

నాంపల్లి స్టేషను రోడ్డు వెనక సందులో ఒక చర్చి ఉంది. ఆ చర్చి సెక్రటరీ గన్‌ఫౌండ్రీలో ఒక బ్యాంకులో ఆఫీసరు. మధ్యాహ్నం భోజనం వేళ మా సందులోకి చాయ్‌కి వచ్చేవాడు, అలా పరిచయం. ఆయనే నా దగ్గర రెండు సెట్లు కొన్నాడు. ఒకటి పాస్టరుగారి కాలరుకు తగిలించే చిన్న మైకు, రెండోది పాటల బృందం చేత్తో పట్టుకునేది. ఒక శనివారం వెళ్లి అన్నీ బిగించి, రెండు గొంతులూ సమానంగా వినబడేలా పెట్టి వచ్చాను.

సెక్రటరీది మహా జాగ్రత్త. ఆంప్లిఫయరుకు కొత్తగా చెక్క బీరువా చేయించాడు. నేను ఆంప్లిఫయరు నాబ్‌లను ఎక్కడ నిలబెట్టానో సరిగ్గా అక్కడ వాళ్లావిడ గోళ్లరంగుతో ఎర్రచుక్కలు పెట్టాడు. బీరువాకు తాళం వేసి, తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాడు. "ఇగ ఎవ్వడు ముట్టడన్నా, ఫికర్ లేదు" అన్నాడు. రిసీవర్లను మాత్రం బీరువాలో పెట్టడానికి లేదు, ఏరియల్ బయట ఉండాలి. వాటిని పాస్టరుగారు ఎక్కి ప్రసంగించే పుల్పిట్ వెనక గోడకున్న చెక్క అరమీద పెట్టాం. అటువైపు పాస్టరుగారు తప్ప ఎవరూ ఎక్కరని సెక్రటరీ భరోసా ఇచ్చాడు.

కొన్ని నెలలు పోయాక ఒకరోజు చాయ్ గ్లాసు పట్టుకుని సెక్రటరీ నీళ్లు నమిలాడు. "అన్నా, అయ్యగారి మైకు జర తక్కువొస్తుంది. పాటలోళ్లది మంచిగనే ఉంది. అయ్యగారు మాట్లాడుతుంటె ఎనక బెంచీలోళ్లకు ఏం సమజైతలేదు." వాళ్లు పాస్టరును అయ్యగారు అంటారు.

"పెట్టె పట్టుకురండి" అన్నాను.

తెచ్చాడు. ఆదివారం ఆరాధన కాగానే అరమీద నుంచి తీసి ఉంచాడట. బల్ల మీద పెట్టి చూశాను. లక్షణంగా ఉంది. కాలరు మైకు మీద శాలువా పడుతోందేమో చూసుకోమన్నాను. తీసుకెళ్లాడు. కొన్ని ఆదివారాలు బాగానే ఉందన్నాడు. తర్వాత మళ్లీ తగ్గింది. ఈసారి బ్యాటరీలు మార్చమన్నాను. మార్చారు, ఏమీ మారలేదు. మళ్లీ పెట్టె తెచ్చాడు. మళ్లీ నా బల్ల మీద అది నగారాలా మోగింది. మా దుకాణంలో సింహం, చర్చిలో పిల్లి. నాకు ఒళ్లు మండింది. అయ్యగారే మైకును ఎక్కడో తప్పు చోట తగిలించుకుంటున్నారని తీర్మానించి, చూసి వద్దామని ఒక సాయంత్రం వాళ్లింటికి వెళ్లాను.

చర్చి ఆవరణలోనే పెంకుటిల్లు. వరండాలో అయ్యగారు పేము కుర్చీలో కూర్చుని ఉప్పు వేసిన వేన్నీళ్లు గుక్కపెట్టి పుక్కిలిస్తున్నారు. మెదక్ వైపు మనిషి. పల్చటి శరీరం, నున్నగా దువ్విన తెల్లజుట్టు. నన్ను చూసి కుర్చీ చూపించారు గాని నోరు విప్పలేదు. ఆయన భార్య లోపలినుంచి గోడ పట్టుకుని నడుస్తూ వచ్చింది. అందరూ అమ్మగారు అని పిలిచే ఆవిడది నరసాపురం. రెండు కళ్లలోనూ పొర ముదిరి ఉంది. మనిషి ఆకారం తెలుస్తుంది గాని ముఖం ఆనదు.

"మైకుసెట్టు బాబేనా? కూర్చోండి బాబూ. ఆయన మాట్లాడరు, ఏమీ అనుకోకండి. వారమంతా గొంతు దాచుకుంటున్నారు" అంది.

"దాచుకోవడమేంటమ్మా?"

"ఇంట్లో మాట్లాడితే ఆదివారానికి మిగలదట. లక్డీకాపూల్‌లో గొంతు డాక్టరుకు చూపించాం. పుండూ లేదు, వాపూ లేదు, వయసు మీద పడుతోంది, కాస్త విశ్రాంతి ఇవ్వమన్నాడు. అప్పటినుంచీ ఈ మౌనవ్రతం." ఆవిడ నవ్వింది గాని అది నవ్వులా లేదు. "నాకు కళ్లు తగ్గినప్పటినుంచీ సాయంత్రం పూట పేపరంతా ఆయనే పైకి చదివేవారు బాబూ. పెళ్లిసంబంధాలూ, ఇల్లు అద్దెకు కలదూ, ఏదీ వదిలేవారు కాదు. చదువుతూ ఒక్కొక్కళ్లనీ ఎగతాళి చేసేవారు. ఆ సందడి పోయి ఇల్లంతా చప్పబడింది."

అయ్యగారు గ్లాసు కింద పెట్టారు. వినీవినబడకుండా మాట్లాడారు. "ఏం లేదు బిడ్డా. కండ్లు పోతయి, పండ్లు పోతయి, గొంతు గుడ పోతది. మీ డబ్బాది ఏం తప్పు లేదు. ఒక్కోపారి దేవుడు దయదలిస్తె నాలుగు ఆదివారాలు మంచిగొస్తది. మళ్ల పోతది. ఈస్టర్ అయినంక పుల్పిట్ ఎక్కనని కమిటీకి చెప్పిన. నా చేతికింద చిన్నయ్యగారున్నడు గదా, ఆయనకిస్త."

"అంత తొందరెందుకండీ?" అన్నాను.

"జనానికి ఇనవడనోడు పుల్పిట్ మీద ఎందుకు బిడ్డా? ఇనవడ్డన్ని దినాలు చెప్పిన. నాకదే సంతోషం" అన్నారు. సంతోషం అంటున్నప్పుడు ఆయన చూపు మాత్రం పెరట్లోకి పోయింది.

నేను మైకు తగిలించుకోమన్నాను. తగిలించుకున్నారు. పెన్నుజేబు పైన, సరిగ్గా ఉండాల్సిన చోటే. తప్పు పట్టడానికి నాకేమీ దొరకలేదు. అమ్మగారిచ్చిన కాఫీ తాగి బయటపడ్డాను. ఆ మౌనం నన్ను ఇంటిదాకా వదల్లేదు. నా యంత్రం తప్పు కాదంటే ఆయన గొంతు పోయిందని ఒప్పుకున్నట్టే. నాకు అది ఒప్పుకోబుద్ధి కాలేదు.

మూడోసారి పెట్టె తెచ్చినప్పుడు సెక్రటరీ కిందటిసారి నా మొహం చూసి భయపడినట్టున్నాడు, దారిలో మొజంజాహీ మార్కెట్ దగ్గర దిగి ఒక డబ్బా సపోటా ఐస్‌క్రీం కూడా పట్టుకొచ్చాడు. ఐస్‌క్రీం కరిగిపోకముందు తినాలి కదా. పెట్టెను బల్ల మీద పెట్టి ఇద్దరం డబ్బా ఖాళీ చేశాం. చెంచా ఒకటే దొరికింది, నేను వేళ్లతోనే కానిచ్చాను. చేతులు బంకబంకగా ఉన్నాయి. ఆ చేతులతో పెట్టెను ముట్టుకోకూడదని ఊరికే దాని వెనకవైపు చూస్తూ నిలబడ్డాను.

నాబ్ దాదాపు పూర్తిగా ఎడమకు తిరిగి ఉంది. ఇంకాస్త తిప్పితే మూతపడిపోతుంది.

అప్పుడు అర్థమైంది నాకు. బల్ల మీదికి ఏ పెట్టె వచ్చినా ముందు దాని నాబ్‌ను నడిమికి తిప్పి, ఆ తర్వాత పరీక్ష మొదలుపెట్టడం నా చేతికి అలవాటు. కన్ను చూడకముందే చెయ్యి తిప్పేసేది. వచ్చిన ప్రతిసారీ రోగాన్ని కుదిర్చి, ఆ తర్వాత రోగమే లేదని పంపించేవాణ్ణి. దేవుడు దయదలచిన ఆ నాలుగు ఆదివారాలూ నా చేతి చలవే.

"ఎవరో తిప్పుతున్నారు" అన్నాను.

సెక్రటరీ మొహం మాడిపోయింది. "ఏంది? తిప్పుతున్రా?"

"దానంతట అది తిరగదు. ఇది ఒక్కసారి తిప్పింది కూడా కాదు. వారం వారం కొంచెం కొంచెం. ఒకేసారి తగ్గిస్తే ఎవరైనా మైకు పాడైందంటారు. ఇలా తగ్గిస్తే అయ్యగారి గొంతే పోతోందనుకుంటారు."

సెక్రటరీ బల్ల అంచు పట్టుకున్నాడు. చర్చిలో రెండు పార్టీలున్నాయని, అయ్యగారిని తొందరగా ఇంటికి పంపాలని ఒక పార్టీకి ఉందని అప్పుడు బయటపెట్టాడు. అనుమానమంతా పాటల బృందం నాయకుడి మీద. "గాయిన మైకు ఎప్పుడు మంచిగనే ఉంటది సూడు! అయ్యగారి డబ్బానే ఎందుకు తగ్గాలె? గాడనే ఉంది కథ." ఎప్పుడో సండేస్కూలు పిల్లలకు బిస్కెట్లు పంచే దగ్గర మొదలైన గొడవ దాకా చెప్పుకొచ్చాడు.

"దొరకనీ, చేతులు విరగ్గొడతా" అన్నాను. నా నాంపల్లి భాషలో ఇంకా కొన్ని అన్నాను, అవి ఇక్కడ రాయను. నాబ్‌కు జిగురు పూసేస్తే ఒక్క నిమిషంలో అయిపోయేది. కానీ ఒక ముసలాయన్ని ఇంత నెమ్మదిగా, ఇంత తెలివిగా నోరు మూయించిన మనిషి ఎవరో చూడకుండా వదలబుద్ధి కాలేదు. నాబ్‌ను నడిమికి తిప్పి, పెట్టెను తిరిగి పంపించి, వచ్చే ఆదివారం నేనే వచ్చి కాపలా కాస్తానని చెప్పాను.

సెక్రటరీ కడుపులో మాట ఆగదు. ఆ సాయంత్రానికే అయ్యగారికి చెప్పేశాడు. మర్నాడు అయ్యగారు మా మెట్ల కింది దుకాణానికి నడిచి వచ్చారు. ఎండలో వచ్చినవారిని కూర్చోబెట్టి సోడా తెప్పించాను. తాగి, ఖాళీ సీసాను బల్ల మీద పెట్టారు.

"దొరికితే నాకు చెప్పకు బిడ్డా" అన్నారు.

"అదేంటండీ! మీ గొంతు నొక్కినవాడెవడో మీకు తెలియొద్దా?"

"అందరు నేను బాప్తిస్మమిచ్చినోళ్లే, నేను పెండ్లి జేసినోళ్లే. వాని మొఖం తెలిసినంక వాని ముంగట నిలవడి నాకు వాక్యం రాదు. నువ్వు ఆపు, సాలు. పేరు నాకొద్దు."

నాకు కోపం తగ్గలేదు గాని మాట ఇచ్చాను.

అది ఈస్టర్‌కు ముందు వచ్చే మట్టల ఆదివారం. మామూలుగా ఆదివారం దుకాణం మూసి పన్నెండింటిదాకా పడుకునే మనిషిని. ఆవేళ ఇస్త్రీ చొక్కా వేసుకుని చివరి బెంచీలో కూర్చున్నాను. నేను బొట్టు చెరుపుకోవాలా వద్దా అని ఇంట్లో మా ఆవిడ పెద్ద చర్చే పెట్టింది, చివరకు బొట్టుతోనే వెళ్లాను. ఎవరూ పట్టించుకోలేదు. పక్కనున్న పెద్దమనిషి జరిగి చోటిచ్చి, పాటల పుస్తకంలో పేజీ తీసి నా చేతిలో పెట్టాడు. పిల్లలు ఈతమట్టలు ఊపుకుంటూ చర్చి చుట్టూ తిరిగి వచ్చి, మట్టలతో ఒకరినొకరు గుచ్చుకున్నారు.

అయ్యగారు పుల్పిట్ ఎక్కారు. నాబ్ సరిగ్గా ఉంది కాబట్టి గొంతు గంటలా వచ్చింది. కానీ ఆయనకు నమ్మకం లేదు. ఇన్ని నెలలుగా అరిచి అరిచి అలవాటైనవారు కదా, మొదటి మాటే గట్టిగా అరిచేసరికి స్పీకర్లు కుయ్యిమన్నాయి. ఉలిక్కిపడి తగ్గారు. తగ్గితే వినబడదేమోనని మళ్లీ పెంచారు. ప్రసంగమంతా ఇలాగే, తన గొంతును తానే నమ్మలేక ఎగుడుదిగుడుగా నడిచింది. నాకు వినడమే కష్టమైంది.

ఆరాధన అయింది. జనం వందనాలు చెప్పుకుంటూ బయటికి నడిచారు. నేను పుల్పిట్ పక్కనున్న స్తంభం వెనక చేరాను. కాసేపటికి అడుగుల చప్పుడు. పాటల బృందం నాయకుడు! అరమీదికి చెయ్యి చాచాడు. నేను చొక్కా చేతులు మడిచాను. ఆయన అరమీదున్న తన కళ్లజోడు తీసుకుని, తుడుచుకుని, పెట్టుకుని, చక్కా వెళ్లిపోయాడు.

ఆ తర్వాత గోడ తడుముకుంటూ అమ్మగారు వచ్చింది.

చేతిలో గుడ్డసంచీ. అరమీద వేళ్లు పారాడించి మొదటి పెట్టెను పట్టుకుంది. సంచీలోంచి తెల్లని లేసు తొడుగు తీసింది. నరసాపురం లేసు, గులాబీలు అల్లిన అంచు. ఏరియల్‌ను తొడుగు పైనున్న కన్నంలోంచి దూర్చి, పసిపిల్లకు గౌను తొడిగినంత జాగ్రత్తగా కిందికి లాగింది. వెనకవైపు తొడుగుకు ఒక దారపు ఉచ్చు ఉంది. వేలితో నల్లటి నాబ్‌ను వెతికి, ఉచ్చును దానికి తగిలించి, బిగువు కోసం ఎడమవైపుకు ఒక్క మెలిక తిప్పింది.

అంతటితో అయిపోలేదు. అరచెయ్యి ఆ లేసు మీద ఆనించి, కళ్లు మూసుకుని, చిన్నగా ప్రార్థన చేసింది. "ప్రభువా, ఆయన గొంతు ఆయనకు తిరిగి ఇయ్యి."

మడిచిన చొక్కా చేతులు కిందికి దించుకున్నాను. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడని మా నాన్న అనేవాడు. పట్టుకుంటే ఏం చెయ్యాలో మాత్రం చెప్పలేదు.

నా కదలిక వినబడినట్టుంది. "ఎవరూ?" అంది.

"నేనేనమ్మా, మైకుసెట్టు. ఈ తొడుగు ఎప్పట్నుంచీ వేస్తున్నారు?"

"పెట్టె వచ్చిన కొత్తలోనే అల్లాను బాబూ. కళ్లు లేకపోయినా లేసు వేళ్లకు వస్తుందిగా, చిన్నప్పుడు మిషనరీ దొరసానమ్మ దగ్గర నేర్చుకున్నది. ఆయన గొంతు వచ్చే పెట్టె మీద దుమ్ము పడనియ్యకూడదని. ఆదివారం పొద్దున్నే వచ్చి తీస్తాను, అందరూ వెళ్లాక వేస్తాను. రెండోదానికీ మొదలెట్టాను గాని అంచు దగ్గర కళ్లు బొత్తిగా సహకరించలేదు." ఆవిడ నాబ్ మీద మెల్లగా తట్టింది. "ఈ బొత్తాం పెట్టినవాడెవరో గాని బుద్ధిమంతుడు. లేకపోతే తొడుగు జారిపోయేది."

దుకాణంలో ఎవరైనా నాబ్ ముడితే ఇంతెత్తున ఎగిరే మనిషిని. అక్కడ మాత్రం చెప్పకుండా బొత్తాం మార్చేసి పోదామా అనుకున్నాను. కానీ ఈ ఇంట్లో మౌనం ఇప్పటికే ఎక్కువైపోయిందని అనిపించింది.

"అమ్మా, అది బొత్తాం కాదు" అన్నాను. "అయ్యగారి గొంతు ఎంత పెద్దగా వినబడాలో చెప్పేది అదే. ఎడమకు తిప్పితే తగ్గుతుంది."

ఆవిడ వేళ్లు నాబ్ మీదే ఆగిపోయాయి.

"అయితే ఆయన గొంతు బాగానే ఉందా?"

ఆవిడ మొదట అడిగింది అది. తన తప్పు గురించి కాదు.

"నిక్షేపంలా ఉందమ్మా."

అమ్మగారు పుల్పిట్ మెట్టు మీద కూలబడి కొంగుతో మొహం కప్పుకుంది. భుజాలు కదులుతుంటే ఏడుస్తోందనుకున్నాను. కొంగు తీసి చూస్తే ఏడుపూ ఉంది, నవ్వూ ఉంది. "ఇటు బిగిస్తాను, అటు తిప్పిమ్మని అడుగుతాను. ఆ పైవాడికి నాతో ఎంత చిక్కు వచ్చిపడిందో చూడండి బాబూ!"

ఇద్దరం బయటికి వచ్చాం. గుమ్మం దగ్గర అయ్యగారు ఆఖరి మనిషికి చెయ్యి కలిపి పంపిస్తున్నారు. నన్ను పక్కకు పిలిచి, గుసగుసగా అడిగారు. "దొరికిండా?"

"దొరికారండీ. ఇక జరగదు."

"పేరొద్దు. నేను క్షమించిన అని చెప్పు."

వెనకనుంచి అమ్మగారు ఖాళీ సంచీ దులుపుతూ అంది. "చెప్పక్కర్లేదు లెండి, వినబడింది."

అయ్యగారు ఆవిడ వైపు చూశారు, నా వైపు చూశారు, చర్చి లోపలికి చూశారు. నేను చెప్పులు వేసుకుని మెల్లగా జారుకున్నాను. ఇచ్చిన మాట ప్రకారం పేరైతే నేను చెప్పలేదు.

గుడ్‌ఫ్రైడేకు ముందు ఒక మధ్యాహ్నం వెళ్లి నాబ్ మీది ప్లాస్టిక్ టోపీ పీకేశాను. పెట్టె వెనక మరోచోట, అబిడ్స్‌లో కొన్న కోటు బొత్తాం ఒకటి జిగురుతో అంటించాను. అమ్మగారు దాన్ని వేలితో తడిమి చూసి, "ఇది బొత్తామేనా? మళ్లీ ఎవరి గొంతైనా కాదుగదా?" అంది. ఎవరు తిప్పారో చెప్పమని సెక్రటరీ ఇప్పటికీ అడుగుతాడు. పాటల నాయకుడు కాదన్నంతవరకే చెప్పాను, ఆయనకు అది పెద్ద నిరాశ. తాళంచెవి మాత్రం ఇంకా మొలతాడుకే ఉంది.

ఈస్టర్ రోజున నేను మళ్లీ వెళ్లాను, ఈసారి మా ఆవిడను కూడా తీసుకుని. అయ్యగారు పుల్పిట్ ఎక్కి, మామూలు గొంతుతో, వరండాలో ఎదురుగా కూర్చున్న మనిషితో మాట్లాడినట్టు మాట్లాడారు. చివరి బెంచీదాకా అక్షరం అక్షరం వినబడింది. ఆయన రిటైరయ్యేదాకా, అంటే మరికొన్నేళ్లు, ఆ పుల్పిట్ మీద ఆయనే చెప్పారు. కంటి ఆపరేషన్ అయ్యాక అమ్మగారు రెండో పెట్టెకూ తొడుగు పూర్తి చేసింది. మా దుకాణంలోని టెస్టింగ్ ఆంప్లిఫయరుకూ ఒకటి వచ్చింది, దానికి ఉచ్చు లేదు.

ఆ ఈస్టర్ తర్వాతి వారంలోనే ఒక సాయంత్రం నాంపల్లి స్టేషనుకు పోతూ చర్చి సందులోంచి నడిచాను. పెంకుటింటి కిటికీ తెరిచి ఉంది. లోపలినుంచి అయ్యగారి గొంతు, మైకు లేకుండా, రోడ్డు మీదికి వినబడుతోంది. పేపరు చదువుతున్నారు.

"ఇల్లు కిరాయికి కలదు. మల్లేపల్లి. రెండు గదులు, వంటగది, నీళ్లకు డోకా లేదు. శాకాహారులకే... ఇగ మనకియ్యరు పో!"

అమ్మగారు పకపకా నవ్వింది. "కొంచెం మెల్లిగా చదవండి, వీధంతా వినబడుతోంది!"

"నలభై ఏండ్ల సంది నా గొంతు నువ్వే తగ్గిస్తున్నవ్" అన్నారాయన. "ఇగ తగ్గియ్య. ఇను."

నా రైలు టైమవుతోంది. అయినా గేటు పట్టుకుని పెళ్లిసంబంధాలు అయిపోయేదాకా నిలబడ్డాను.